చెడ్డ డ్యూటీ చేసి ఇంటికొచ్చిన రాత్రి ఏం చేయాలి: పోలీసులకూ, పోలీసుల ఇళ్లకూ

పూతలపట్టు దాటాక ఒక మలుపులో, తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు, కొండకు వెళ్తున్న ఒక కుటుంబం వ్యాను ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. అప్పుడు నేను హెడ్ కానిస్టేబుల్‌ని, నైట్ రౌండ్స్‌లో ఉన్నాను కాబట్టి మొదట చేరింది మా జీపే. చేయాల్సినవన్నీ చేశాను, దెబ్బలు తగిలినవాళ్లను 108 ఎక్కించాను, ట్రాఫిక్ మళ్లించాను, పొద్దున మార్చురీ దగ్గర శవ పంచనామా అయ్యేదాకా నిలబడ్డాను. కళ్లలో ఒక్క చుక్క రాలేదు. కానీ రోడ్డు మీద ఒక స్టీలు డబ్బా మూత ఊడి పడి ఉంది, అందులోని పులిహోర తారు మీద ఒలికి ఉంది, దాని పక్కనే చిన్నపిల్ల చెప్పు ఒకటి. ఆ తర్వాత చాలా ఏళ్లు నాకు పులిహోర వాసన పడలేదు. తిరుపతిలో కాపురం ఉంటూ ఆ వాసన పడకపోతే ఎట్లా ఉంటుందో చూడండి, ఏ గుడికి వెళ్లినా అదే ప్రసాదం, ఏ ఇంట్లో పండగైనా విస్తట్లో మొదట పడేది అదే. ఇంట్లో అడిగితే కడుపులో మంట అని చెప్పి తప్పించుకునేవాడిని.

ముప్పై ఏళ్లకు పైగా పాత చిత్తూరు జిల్లాలో పనిచేసి రిటైరయ్యాను. చెయ్యి విరిగితే కట్టు కట్టిస్తాం, సెలవు పెడతాం, డ్యూటీలో తగిలిన దెబ్బ అని స్టేషన్ జనరల్ డైరీలో (జీడీ) రాస్తాం. మనసుకు తగిలితే మాత్రం నాలుగు రోజులుంటే అదే సర్దుకుంటుందిలే అంటాం. చాలామందికి సర్దుకుంటుంది కూడా, అది నిజమే. కానీ సర్దుకోవడానికి సాయపడే పనులు కొన్ని, అడ్డంపడే పనులు కొన్ని ఉన్నాయి, నా సర్వీసంతా వాటిలో అడ్డంపడేవే చేశాను. ఇప్పుడు స్టేషన్లలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే తప్పు చేయకూడదని రాస్తున్నాను.

స్పాట్‌లో

ఇది తెలిసిన సంగతే, కానీ తెలిసి కూడా వదిలేస్తాం. హైవే మీద ప్రమాదం జరిగిన చోట అసలు భయం జరిగిపోయిన ప్రమాదంతో కాదు, వెనక నుంచి వచ్చే రెండో బండితో. భాకరాపేట ఘాట్‌లో గానీ, చిత్తూరు రోడ్డులో గానీ జీపును వెనక వైపు, లైట్లు వేసి, వచ్చే బండ్లకు దూరం నుంచే కనబడేలా నిలపండి, రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోకుండా కిందికి దిగకండి, రెండు బండ్ల మధ్య సందులో మాత్రం ఎప్పుడూ నిలబడకండి. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు వచ్చే ట్రాఫిక్ వైపు ముఖం పెట్టి ఉండాలి, వీపు పెట్టి కాదు.

గ్లవ్స్ జేబులో రెండు జతలు ఉండాలి. రక్తం మీ చేతి గాయం మీదో కంట్లోనో పడితే, లేదా ఎవరినైనా వెతికేటప్పుడు సూది గుచ్చుకుంటే, చర్మానికైతే సబ్బు నీళ్లతో, కంటికైతే ఉత్త నీళ్లతో బాగా కడిగి, వెంటనే రుయా లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, వీలైతే రెండు గంటల లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకూడదు. రేపు పొద్దున చూద్దాం అనుకునే పని కాదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక ఒక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, అది ఇంకా వేసుకోనివాళ్లు ఈ వారమే మొదలుపెట్టండి.

శేషాచలం అడవుల్లో కూంబింగ్‌కు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. కాలు కదలకుండా పెట్టి, మోసుకుని, కరిచిన టైము రాసుకుని ఆసుపత్రికి చేర్చండి.

ఆ రాత్రి

చెడ్డ సీన్ చూసిన తర్వాత ఒళ్లు ఇంకా అక్కడే ఉంటుంది. గుండె దడ, చేతుల వణుకు, నోరు ఎండిపోవడం, కొందరికి ఉన్నట్టుండి నవ్వు కూడా వస్తుంది. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ఒంట్లో పుట్టిన వేగం ఇంకా దిగలేదు, అంతే. దాన్ని దించాలి. నీళ్లు తాగండి, వేడిగా ఏదైనా తినండి, ఆకలి లేకపోయినా రెండు ఇడ్లీలు పడాలి. కాళ్లు రెండూ నేల మీద గట్టిగా ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, అట్లా పది సార్లు. మనసు మళ్లీ ఆ రోడ్డు మీదికి పోతుంటే కళ్ల ముందు ఉన్నవాటి పేర్లు పైకి చెప్పండి, బల్ల, లాఠీ, గోడ గడియారం, క్యాలెండర్, నీళ్ల బిందె. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, ఇప్పుడు స్టేషన్లో ఉన్నాను, అక్కడ లేను అని మనసుకు తెలిసేది అట్లాగే.

మందు ముట్టకండి. ఈ మాట దగ్గర చాలామంది నా మీద కోప్పడతారని తెలుసు. నేనూ తాగినవాడినే, ఆ పూతలపట్టు డ్యూటీ తర్వాత వరసగా పదకొండు రోజులు తాగాను. తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది, కానీ తెల్లారేసరికి ఆ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, కలలు వచ్చే నిద్ర దెబ్బతింటుంది, చూసినదాన్ని మనసు సర్దుకునే పని ఎక్కువగా ఆ నిద్రలోనే జరుగుతుంది. అంటే మానాల్సిన పుండు మీద రోజూ గోకినట్టే. మెడికల్ షాపులో తెలిసినవాడి దగ్గర తీసుకునే నిద్రమాత్రలు కూడా అంతే, కొత్తగా దెబ్బతిన్న మనసుకు ఆ రకం మాత్రలు మొదటి నెలలో ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

యూనిఫాం ఇంటి గుమ్మం లోపలికి తీసుకుపోకండి. మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది, నేనేమీ చెప్పకుండానే ఆమెకు అర్థమైందేమో. పెరట్లో కొళాయి దగ్గర ఒక బకెట్ వేన్నీళ్లు, లుంగీ, సబ్బు పెట్టి, తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లిపోయేది. అక్కడే స్నానం చేసి, బట్టలు అక్కడే నానబెట్టి, ఆ తర్వాతే లోపలికి వెళ్లేవాడిని. ఆ బకెట్ లేకపోతే నేను ఇంకా ఎక్కువ చెడిపోయి ఉండేవాడిని అని ఇప్పుడు అనుకుంటాను.

ఇక ఫోన్. దీని గురించి ఎవరూ మాట్లాడరు. పంచనామాకు తీసిన ఫొటోలు మన సొంత ఫోన్లో, మన పిల్లల పుట్టినరోజు ఫొటోల పక్కనే ఉండిపోతాయి, బస్టాండులో కూర్చుని గ్యాలరీ పైకి జరుపుతుంటే ఉన్నట్టుండి ఆ ముఖం కనబడుతుంది. కేసుకు కావాల్సినవి దర్యాప్తు అధికారికి పద్ధతిగా అప్పగించి, రికార్డులో చేరాయని ఖాయం చేసుకున్నాక, ఆయనకు చెప్పి మీ ఫోన్లోంచి తీసేయండి. అప్పగించకముందు మాత్రం తీయకండి, అది సాక్ష్యం. వాట్సాప్ గ్రూపుల్లో శవాల ఫొటోలు పంపొద్దు. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, ఆ డ్యూటీ చేయని ఇంకో ఇరవై మంది కానిస్టేబుళ్ల తలలోకి కూడా దాన్ని ఎక్కించినవాళ్లం అవుతాం.

ఇంట్లోవాళ్లకు

ఏం జరిగింది, ఎట్లా జరిగింది, ఎంతమంది, అని అడగకండి. చెప్పాలనుకుంటే ఆయనో ఆమో చెప్తారు. జరిగినదంతా వెంటనే కూర్చోబెట్టి బయటకు చెప్పించేస్తే మంచిదని ఒకప్పుడు అనుకునేవాళ్లు, అట్లా బలవంతంగా ఒకేసారి చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా అని తేలింది. పక్కన ఉండండి, అన్నం పెట్టండి, "కష్టమైన డ్యూటీ అంట కదా" అని ఒక మాట అని ఊరుకోండి. డ్యూటీ చేసి వచ్చినవాళ్లు కూడా ఒక్క వాక్యం చెప్పడం నేర్చుకోవాలి: "ఈరోజు చెడ్డ ప్రమాదం చూశాను, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేకపోతే నీ మీద కోపం అనుకోవద్దు." నేను ఆ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల మా పెద్దమ్మాయి చిన్నప్పుడు చాలా రోజులు నాన్నకు తనంటే ఇష్టం లేదనుకుంది. పెళ్లయ్యాక చెప్పింది ఆ మాట.

మొదటి నెల

మొదటి కొన్ని రోజులు పీడకలలు, ఉలికిపాటు, చిరాకు, అన్నం సహించకపోవడం, ఆ సీన్ మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, ఇవన్నీ మామూలే. రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ ఉండాలి. గమనించాల్సింది ఆ తగ్గుదలనే. రోజూ నడవండి, ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో కపిలతీర్థం రోడ్డులోనో పొద్దున అరగంట, వీలైతే ఒంటరిగా కాకుండా బ్యాచ్‌మేట్‌తో. రోజూ ఒకే వేళకు తినండి. టీలు తగ్గించండి, సాయంత్రం తాగిన టీ, కాఫీల్లోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది.

నెల దాటినా తగ్గకపోతే, లేదా నెల లోపే పెరుగుతూ పోతే, అది జబ్బు కిందకు వస్తుంది. గుర్తులు ఇట్లా ఉంటాయి: ఆ దారిలో వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి ఇంకో దారిలో వెళ్లడం, టైరు పేలిన చప్పుడుకు ఒళ్లంతా చెమటలు పట్టడం, పిల్లలు వచ్చి మీద పడినా ఏమీ అనిపించకపోవడం, చిన్న మాటకు లాఠీ మీదికి చెయ్యి పోవడం. ఈ చివరిదాన్ని ఎవరూ జబ్బు గుర్తుగా చూడరు, "వాడు కోపిష్టి" అనేస్తారు. నిమ్మళంగా ఉండే మనిషి ఉన్నట్టుండి స్టేషన్‌కు వచ్చినవాళ్ల మీద కేకలు వేస్తున్నాడంటే అతన్ని తిట్టేముందు గడిచిన రెండు నెలల్లో ఏ డ్యూటీ చేశాడో చూడండి.

వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. ఆ జ్ఞాపకాన్ని భద్రమైన చోట కూర్చుని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసే కౌన్సెలింగ్ ఉంది, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకం పదును తగ్గించే ఈఎండీఆర్ అనే పద్ధతి ఉంది, అవసరమైతే మందులు ఉన్నాయి. మందులు వాడితే గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వాడి లాభం లేదని ఆపేయకండి. రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారని భయమైతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలీ మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నైట్ డ్యూటీలో పికెట్ దగ్గర కూర్చుని కూడా మాట్లాడొచ్చు. మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

హోంగార్డుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లకు డ్యూటీ చేసిన రోజుకే భత్యం, సెలవు పెడితే ఆ రోజు డబ్బు పోతుంది, అందుకే ఎంత చెడ్డ సీన్ చూసినా మర్నాడు పొద్దున్నే కూడలిలో నిలబడతారు. శవాన్ని మోసేది చాలాసార్లు వాళ్లే. వాళ్లకు ఆ నంబరు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, నోటీసు బోర్డు మీద అంటిస్తే చదవరు.

ఆడవాళ్లు చేసే డ్యూటీలో ఇంకో రకం దెబ్బ ఉంది. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసుల్లో, పిల్లల వాంగ్మూలం వీలైనంత వరకు ఎస్‌ఐకి తగ్గని మహిళా అధికారే, యూనిఫాం లేకుండా రాయాలి. పిల్లల మేలు కోసం పెట్టిన నియమం అది, చాలా మంచిది. కానీ స్టేషన్లో ఒకే మహిళా ఎస్‌ఐ ఉంటే, ఒక ఏడాదిలో వచ్చిన అన్ని కేసుల్లోని అన్ని మాటలూ ఆమె ఒక్కతే వినాలి. రక్తం చూడకపోయినా, కేవలం విని విని కూడా మనసు దెబ్బతింటుంది. అట్లాంటి వాంగ్మూలం రాసిన రోజు ఆమెకు ఇంకో డ్యూటీ వేయకపోవడం, వీలైతే పక్క స్టేషన్ మహిళా అధికారులతో పని పంచడం, ఇవి డబ్బు ఖర్చు లేని పనులు.

నిద్ర, ఎండ, కాళ్లు

డ్రంకెన్ డ్రైవ్‌లో మనం ఊదించే మిషన్‌లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు రాస్తాం. పదిహేడు, పద్దెనిమిది గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం దాదాపు ఆ లెక్కలో 50 మిల్లీగ్రాములు చూపించేవాడిలా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అంటే ఆ పూట తాగినవాడిని పట్టుకున్న మనమే, డ్యూటీ దిగి బైకు మీద ఇంటికి పోయేటప్పుడు వాడికంటే నయంగా ఏమీ లేము. నైట్ డ్యూటీకి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి, డ్యూటీలో వంతులేసుకుని ఇరవై నిమిషాలు కునుకు తీయండి, పొద్దున కళ్లు మూతలు పడుతుంటే బండి తీయకుండా స్టేషన్లోనే పడుకుని వెళ్లండి. ఇంట్లో కిటికీకి మందం దుప్పటి కట్టి చీకటి చేయించుకోండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర బందోబస్తులో నిలబడినవాళ్లకు తెలుసు తిరుపతి ఎండ అంటే ఏమిటో. దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి, ఉత్త నీళ్లు ఒక్కటే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. పక్కవాడు తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, తడబడి నడుస్తున్నా అది వడదెబ్బ, నీడకు చేర్చి బెల్టూ బూట్లూ విప్పి ఒళ్లంతా తడిపి విసురుతూనే 108కి ఫోన్ చేయాలి. ఆడ కానిస్టేబుళ్లు బాత్రూం దొరకదని నీళ్లు తాగడమే మానేస్తారు, దానితో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం. డ్యూటీ పాయింట్ వేసే అధికారి మ్యాప్‌లో పాయింట్‌తో పాటు దగ్గర్లో ఉన్న బాత్రూం కూడా గుర్తుపెట్టి, రెండు మూడు గంటలకు ఒకసారి రిలీవర్‌ను పంపితే ఆ బాధ ఉండదు. బ్రహ్మోత్సవాల గరుడ సేవ రోజున రెండు జతల సాక్సులు తెచ్చుకుని మధ్యలో మార్చుకోండి, బొబ్బలు సగం తగ్గుతాయి.

2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయారు. అట్లాంటి చోట డ్యూటీలో ఉన్నవాళ్లకు చూసినదానికి తోడు "నేను ఇంకో రెండు చేతులు పట్టుకుని లాగి ఉంటే" అన్న ఆలోచన కూడా ఉంటుంది. ఎంక్వయిరీలో తేలే తప్పొప్పులు వేరు, మనిషి రాత్రిపూట తనను తాను నిలదీసుకోవడం వేరు. ఆ రెండోదాన్ని ఒంటరిగా మోయకూడదు.

చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే

అనకపోయినా, ఉన్నట్టుండి అప్పులన్నీ లెక్క రాసిపెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, "ఇంక నేను లేకపోతే అందరికీ హాయి" అనడం చేస్తుంటే, సూటిగా అడగండి: "అన్నా, చచ్చిపోవాలనుకుంటున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం, అట్లా పుట్టదు, ఎవరో ఒకరు అడిగారు అన్న ఊరట కలుగుతుంది. అతన్ని ఒంటరిగా వదలకండి. ఆ రోజు తుపాకీ ఉన్న డ్యూటీ ఉండకూడదు, ఎస్‌ఐకి చెప్పి ఆయుధం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) పెట్టించండి. అది శిక్ష కాదు, జ్వరం వచ్చినవాడిని వానలో నిలబెట్టం కదా, అట్లాంటిదే. ఆ చెడ్డ గడియ చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి తుపాకీ అందకపోతే మనిషి మిగులుతాడు. తర్వాత మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, వెళ్లేలోపు 14416కు కలపండి.

ఎస్‌ఐలకు, సీఐలకు

చెడ్డ సీన్ జరిగిన మర్నాడు రోల్ కాల్‌లో అందరి ముందూ "ఏం, భయపడ్డావా?" అని అడగకండి. విడిగా పిలిచి టీ ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, నిద్ర పట్టిందా అని అడగండి, అదే వారంలో మళ్లీ అడగండి, నెల తర్వాత ఇంకోసారి అడగండి. మూడోసారి అడగడమే ముఖ్యం, ఎందుకంటే అప్పటికి అందరూ మర్చిపోయి ఉంటారు. మార్చురీ డ్యూటీ ఎప్పుడూ ఒకడికే వేయకండి, "వాడికి అలవాటే" అంటారు చూడండి, అలవాటైన ఆ మనిషే ఎక్కువ మోస్తున్నాడు. వారాంతపు సెలవు ఇచ్చినట్టు కాగితం మీద రాసి మధ్యాహ్నం ఫోన్ చేసి పిలిస్తే అది సెలవు కాదు. నా సర్వీసులో ఒక అధికారి, పేరు చెప్పను, నేను సెలవు అడిగితే "శవాలు చూడలేనివాడికి ఖాకీ ఎందుకు" అన్నారు. ఆ మాట నాకు పులిహోర డబ్బా కంటే ఎక్కువ రోజులు గుర్తుంది.

మళ్లీ ఆ చోటికి

తప్పించుకుని తిరిగేకొద్దీ భయం పెరుగుతుంది, కాబట్టి ఎప్పటికైనా ఆ చోటికి వెళ్లాలి. ఒక్కసారిగా కాదు, రాత్రిపూట కాదు, ఒంటరిగా కాదు. డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ సరే అన్నాక, పగటిపూట, నమ్మకమైన మనిషితో, ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆ రాత్రి నాతో జీపులో ఉన్న డ్రైవరే నన్ను తీసుకెళ్లాడు. పూతలపట్టు దాటాక బండి పక్కకు ఆపాడు, ఇద్దరం దిగి నిలబడ్డాం, అక్కడ ఒక కొత్త మైలురాయి పాతారు, రోడ్డు వెడల్పు చేశారు, కంపచెట్లు పెరిగాయి. కాళ్లు వణికాయి, పది నిమిషాలకు తగ్గింది. అట్లా మూడుసార్లు వెళ్లాం. ఆ ధనుర్మాసంలో గోవిందరాజస్వామి గుళ్లో చేతిలో వెచ్చటి దొన్నె పెట్టారు, ఇంగువ వాసన ముక్కుకు తగిలింది, మా ఆవిడ పక్కన నిలబడి నా ముఖం వైపే చూస్తోంది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకున్నాను, కాసేపాగి ఇంకో నాలుగు.